జోడు దొరకలేదని ఊళ్లను లెక్కలోంచి తీసేస్తే ఎట్లా?

సంపాదకుల వారికి నమస్కారం.

మీ పత్రిక జిల్లా పేజీల్లో సర్వేల వార్తలు తరచూ వస్తుంటాయి. ఫలానా పథకం అందిన ఊళ్లనూ అందని ఊళ్లనూ పోల్చి చూశారు, ఇంత తేడా వచ్చింది అనో, చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదు అనో రాస్తారు. అలాంటి వార్త కనపడినప్పుడల్లా నేను అందులో ఒక వాక్యం కోసం వెతుకుతాను. పోల్చడానికి జోడు దొరక్క ఎన్ని ఊళ్లను పక్కన పెట్టారు, అవి ఎక్కడి ఊళ్లు అన్నదే ఆ వాక్యం. ఒక్కసారి కూడా అది కనపడలేదు. నేను డిగ్రీ కళాశాలలో స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరైన మనిషిని. పుట్టిల్లు కనిగిరి వైపు. ఈ రెండింటి వల్లా ఆ వాక్యం లేకపోవడం నాకు చిన్న విషయంగా అనిపించదు. ఉత్తరం పొడవైతే మన్నించి, కుదించకుండా వేయమని మనవి.

అసలు జోడు కట్టడం ఎందుకంటే, కొత్త మందు పనిచేస్తుందో లేదో చూడాలంటే చీటీలు వేసి సగం మందికి ఇస్తారు, సగం మందికి ఇవ్వరు. తాగునీటి పథకాన్ని అట్లా చీటీలు వేసి పంచరు. పంచకూడదు కూడా. ఎక్కడ నీళ్లు మరీ చెడ్డవో అక్కడికి ముందు పైపు వేయాలి. అందుకే నీళ్లందిన ఊళ్లూ అందని ఊళ్లూ మొదటినుంచే ఒక తీరుగా ఉండవు. వాటిని ఊరికే ఎదురెదురుగా పెట్టి ఫ్లోరైడ్ వల్ల పిల్లల పళ్ల మీద పడే మచ్చలు లెక్కపెడితే, మంచినీళ్లు వచ్చిన ఊళ్లోనే మచ్చలెక్కువ ఉన్నాయనే విడ్డూరమైన ఫలితం కూడా రావచ్చు. అది రాకుండా ఉండాలని, బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత, జనాభా ఎంత, మెయిన్ రోడ్డు ఎంత దూరం, ఎండాకాలం ఎన్ని ఇళ్లవాళ్లు కూలికి వలస పోతారు, ఇట్లాంటివన్నీ దగ్గరదగ్గరగా ఉన్న ఊరిని వెతికి, నీళ్లందిన ప్రతి ఊరికీ అందని ఊరినొకదాన్ని జోడు కడతారు. ఒంగోలు గడ్డ మీద పుట్టినవాళ్లకు ఇది వింత కాదు. బండలాగుడు పందేల్లో పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని విభాగాలు పెట్టేది ఇందుకే. రెండు పళ్ల గిత్తల జతను ఆరు పళ్ల జత పక్కన నిలబెట్టి ఏది గొప్పదో ఎవరూ తేల్చరు.

ఈ పనికి వాడే కొలతల్లో ఒకటి మన దేశంలో పుట్టిందే. చాలా లక్షణాలు కలిపి చూసినప్పుడు రెండింటి మధ్య దూరం ఎంత అని కొలిచే పద్ధతిని ప్రశాంత చంద్ర మహలనోబిస్ 1936లో ఇచ్చారు. ఆయన పుట్టినరోజు జూన్ 29నే మనం గణాంక దినోత్సవంగా జరుపుతున్నాం. తర్వాత 1983లో అమెరికాలో పాల్ రోసెన్‌బామ్, డొనాల్డ్ రూబిన్ అనే ఇద్దరు ప్రొపెన్సిటీ స్కోరు అనే పద్ధతి చెప్పారు. ఒక ఊరి లక్షణాలన్నీ చూసి, ఆ ఊరికి పథకం అందే అవకాశం ఎంత ఉందో సున్నాకీ ఒకటికీ మధ్య ఒకే అంకెగా తేల్చడం అది. అంకెలు దగ్గరగా ఉన్న ఊళ్లను జోడు కడితే చాలు. పని సులువైంది, ప్రపంచమంతా పాకింది. వైద్యంలో, చదువుల్లో, సంక్షేమ పథకాల బేరీజులో ఎక్కడ చూసినా ఇదే.

జోడు దొరికిన ఊళ్లతో పేచీ లేదు. దొరకని ఊళ్లను ఏం చేశారన్నదే నా ప్రశ్న.

జోడు కట్టేటప్పుడు ఒక హద్దు పెట్టుకుంటారు. ఇంతకు మించి తేడా ఉంటే జోడు కట్టం అని. దాన్ని కాలిపర్ అంటారు. స్కోరును లాజిట్‌గా, అంటే అందే అవకాశానికీ అందని అవకాశానికీ ఉన్న నిష్పత్తి లాగరిథమ్‌గా మార్చి, దాని ప్రామాణిక విచలనంలో (అంకెలు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలతలో) 0.2 వంతు హద్దు పెట్టుకోవడం ఎక్కువమంది చేసేది. ఆ హద్దు లోపల ఎవరూ దొరకని ఊరిని విశ్లేషణలోంచి తీసేస్తారు. తీసేయడం తప్పని నేననడం లేదు. పోలిక లేనిదాన్ని లాక్కొచ్చి పోలిస్తే వచ్చేది తప్పుడు జవాబే. కానీ తీసేసిన ఊరు ఏ పక్కదన్నది చూడాలి. ఆ తేడా చెప్పకుండా రెండింటినీ ఒకే మాటతో దాటేయడం వల్లే చిక్కంతా వస్తోంది.

నీళ్లు అందని ఊళ్లలో కొన్నిటికి జోడు దొరకలేదనుకోండి. వంద ఊళ్లకు నీళ్లొచ్చాయి, రెండు వందల యాభై ఊళ్లకు రాలేదు. వందకు వంద జోళ్లు దొరికితే ఇంకా నూటయాభై మిగిలిపోతాయి. నీళ్లు అందిన ఊళ్లకు ఎంత మేలు జరిగింది అన్నదే మన ప్రశ్న అయితే, ఈ మిగిలినవాటిని వదిలేసినా ఆ ప్రశ్న మారదు. మంచి జోడు కోసమే కదా పెద్ద గుంపులోంచి వెతికింది. కాకపోతే అదే అంకె పట్టుకుని, మిగిలిన ఊళ్లకూ నీళ్లిస్తే ఇంతే మేలు జరుగుతుంది అంటే కుదరదు. ఆ ఊళ్లు ఎట్లాంటివో మనం చూడనే లేదు.

నీళ్లు అందిన ఊళ్లలోనే కొన్నిటికి జోడు దొరక్కపోతే సంగతి పూర్తిగా వేరు. అక్కడ తీసేసిన ప్రతి ఊరితోపాటు మన ప్రశ్నే మారిపోతుంది. ఒక లెక్క చెప్తాను, ఇవి పాఠం కోసం నేను వేసుకున్న అంకెలేగాని ఏ సర్వేవీ కావు. నీళ్లందిన ఊళ్లు వంద. డెబ్బైకి జోడు దొరికింది, ముప్పైకి దొరకలేదు. డెబ్బై ఊళ్లలో మచ్చల పళ్ల పిల్లలు నూటికి నలుగురు తగ్గారు. మిగతా ముప్పైలో, నీళ్లు మరీ చెడ్డవి కాబట్టి, నూటికి పద్నాలుగు మంది తగ్గారు. మొత్తం వంద ఊళ్ల సగటు తీస్తే ఏడు. నివేదికలో పడేది మాత్రం నాలుగు. నాలుగు చూసిన అధికారి ఈ పథకం ఖర్చుకు తగ్గట్టు లేదంటాడు. ఏడు చూసినవాడు అనడు. పైగా ఆ ముప్పై ఊళ్ల కోసమే కదా పథకం మొదలైంది.

ఈ ముప్పై ఊళ్లు ఊహించుకున్నవే అయినా, అలాంటి ఊళ్లు మన దగ్గర నిజంగానే ఉన్నాయి. మన దేశంలో ఫ్లోరోసిస్, అంటే ఫ్లోరైడ్ నీళ్ల వల్ల పళ్లకూ ఎముకలకూ పట్టే జబ్బు గురించి తొలిసారి వైద్య పత్రికకు ఎక్కింది మన నేలే. 1937లో షార్ట్, ఆయనతోటి వైద్యులు మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా జనంలో ఈ జబ్బును గుర్తించి రాశారు. అప్పటికి ప్రకాశం జిల్లా లేదు. కనిగిరి, పొదిలి, దర్శి అన్నీ నెల్లూరు జిల్లాలోనివే. 1970లో కొత్త జిల్లా ఏర్పడ్డప్పుడు ఇటు వచ్చాయి. లీటరు నీటిలో ఫ్లోరైడ్ ఒక మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దిక్కు లేనిచోట ఒకటిన్నర దాకా సర్దుకోవచ్చని భారత ప్రమాణం చెబుతోంది. మా పెద్దమ్మను గడ్డం రొమ్ముకు ఆనించమంటే ఆనేది కాదు. వంగి కాలి వేళ్లు ముట్టుకోమంటే మోకాళ్ల దగ్గరే ఆగిపోయేది. రెండు చేతులూ తల వెనక్కి పెట్టి జడ వేసుకోవడం ఆమె ఎప్పుడో మానేసింది. ఈ మూడూ ఎముకలకు పట్టిన ఫ్లోరోసిస్‌ను ఊళ్లోనే పసిగట్టడానికి వైద్యులు చేయించే పరీక్షలని చాలా ఏళ్ల తర్వాత చదివాను. అలాంటి మనిషి ఉన్న ఊరిని పోల్చడానికి జోడు దొరకలేదు కాబట్టి మినహాయించాం అని ఎవరైనా రాస్తే నేను చూస్తూ ఊరుకోలేను.

ఈ మధ్య నా పాత విద్యార్థి ఒకతను ఇంటికొచ్చాడు. సర్వేలు చేసే ఒక సంస్థలో డేటా చూస్తాడు. పేరు అనవసరం. ఊళ్ల జాబితా ఉన్న ఎక్సెల్ షీటు లాప్‌టాప్‌లో తెరిచి, జోళ్లు ఎట్లా కుదిరాయో చూడమన్నాడు. ఎడమ పక్కన వరస నంబర్లు చూసుకుంటూ వస్తున్నాను. 41 తర్వాత 53 ఉంది.

"ఏంది నాయనా, మధ్యలో పన్నెండు... కాదు, పదకొండు వరసలు ఏమైపోయినాయి?" అన్నాను.

"అన్‌మ్యాచ్‌డ్ మేడమ్. హైడ్ చేసి పెట్టాం. ఫైనల్ రిపోర్టులో రావు."

"ఒకసారి తెరువు."

వరసలు తెరుచుకున్నాయి. ఫ్లోరైడ్ కాలమ్‌లో ఆ పదకొండూ మిగతా జాబితా కంటే పైన ఉన్నాయి. రెండు ఊళ్లు నేనెరిగినవే. తీసేయాలని ఎవరూ దురుద్దేశంతో తీయలేదు, ఆ అబ్బాయి అయితే అసలే కాదు. హద్దు ఎంతో ప్రోగ్రాముకు చెప్పారు, అది తన పని చేసింది. కానీ నివేదిక చదివేవాళ్లకు ఆ పదకొండు ఊళ్లు ఉన్నాయనే తెలియదు. ముందుమాటలో మాత్రం పథకం అందిన గ్రామాలన్నిటి మీదా అధ్యయనం చేసినట్టే ఉంటుంది.

ఇందులో విచారించాల్సింది ఏమిటంటే, ఇది కొత్తగా కనిపెట్టిన చిక్కేమీ కాదు. ప్రొపెన్సిటీ స్కోరు ఇచ్చిన ఆ ఇద్దరే రెండేళ్లకు, 1985లో, 'బయోమెట్రిక్స్' పత్రికలో ఇదే సంగతి మీద ఇంకో వ్యాసం రాశారు. జోడు సరిగ్గా అతకకపోవడం వల్ల వచ్చే దోషం ఒకటి, జోడు దొరకనివాళ్లను వదిలేయడం వల్ల వచ్చే దోషం ఒకటి అని విడదీసి చూపారు. ఒక నిజమైన ఉదాహరణ తీసుకుని, అందులో వదిలేయడం వల్ల వచ్చిన దోషం చాలా పెద్దది కావచ్చని, తగిన పద్ధతిలో అందరికీ జోడు కడితే ఆ దోషాన్ని పూర్తిగా తప్పించుకోవచ్చని, అప్పుడు మిగిలేది జోడు కొంచెం అతకనందువల్ల వచ్చే చిన్న దోషమేనని చెప్పారు. పద్ధతిని అరువు తెచ్చుకున్నవాళ్లు దాన్ని ఇచ్చినవాళ్ల హెచ్చరికను కూడా తెచ్చుకోవాలి కదా.

జోడు దొరకడం, దొరక్కపోవడం ఒక్కోసారి ఊరి గుణం వల్ల కూడా కాదు, వెతికిన వరస వల్ల. ఇది మా పిల్లలకు బోర్డు మీద వేసి చూపించేదాన్ని. నీళ్లందిన ఊళ్లు రెండు. మొదటి ఊళ్లో ఫ్లోరైడ్ 2.8, రెండో ఊళ్లో 3.4. అందని ఊళ్లు రెండు, ఒకచోట 3.3, ఇంకోచోట 1.9. తేడా ఒక మిల్లీగ్రాము దాటితే జోడు కట్టకూడదని హద్దు. మొదటి ఊరితో మొదలుపెడితే అది తనకు దగ్గరగా ఉన్న 3.3ను పట్టుకుపోతుంది. రెండో ఊరికి మిగిలేది 1.9, తేడా ఒకటిన్నర, హద్దు దాటింది. ఆ ఊరు పోయింది. అదే రెండో ఊరితో మొదలుపెడితే అది 3.3ను తీసుకుంటుంది, మొదటిదానికి 1.9 హద్దులోపలే దొరుకుతుంది. ఊళ్లు అవే, అంకెలు అవే. ఎవరిని ముందు పిలిచారన్నదాన్ని బట్టి ఒక ఊరు లెక్కలో ఉంటుంది, లేదా మాయమవుతుంది. మాయమైంది నీళ్లు ఎక్కువ చెడ్డ ఊరేనన్నది గమనించండి. మొత్తం మీద తేడాలన్నీ తక్కువ ఉండేట్టు అన్ని జోళ్లనూ ఒకేసారి కుదిర్చే పద్ధతులు ఎప్పటినుంచో ఉన్నాయి. అందని ఊరు ఒకటే ఇద్దరికి జోడుగా ఉండొచ్చని అనుమతించినా ఈ ఇబ్బంది తగ్గుతుంది. అప్పుడు ఆ ఊరిని రెండుసార్లు లెక్కపెట్టినట్టు ప్రామాణిక దోషంలో, అంటే జవాబు ఎంత అటూ ఇటూ ఊగవచ్చో చెప్పే అంకెలో చూపించుకోవాలి.

ఫుల్ మ్యాచింగ్ అనే ఇంకో దారిలో జంటలే ఉండాలన్న పట్టు వదిలేసి చిన్న చిన్న గుంపులు కడతారు. ఒక అందిన ఊరికి నలుగురు అందనివాళ్లు ఉండొచ్చు, ఒక అందని ఊరి చుట్టూ ముగ్గురు అందినవాళ్లు ఉండొచ్చు. ఎవరినీ బయటకు నెట్టకుండా ఒక్కొక్కరికి తగిన బరువు వేస్తారు. ఇది కూడా సర్వరోగ నివారిణి కాదు. ఒక ఊరి మీద మరీ ఎక్కువ బరువు పడిందంటే, ఆ ప్రాంతం లెక్కంతా ఆ ఒక్క ఊరి మీద నిలబడి ఉందని అర్థం. కనీసం ఆ సంగతి కళ్ల ముందు ఉంటుంది. స్కోరు 0.1 కంటే తక్కువ, 0.9 కంటే ఎక్కువ ఉన్నవాటిని ముందే తీసేయడం మరో అలవాటు. 2009లో క్రంప్ అనే పరిశోధకుడు, మరి ముగ్గురు దీన్ని ప్రతిపాదించారు. అది పద్ధతిగానే ఉంది, ఎందుకంటే ఎవరిని వదిలేస్తున్నామో, ఏ గీత మీద వదిలేస్తున్నామో ఫలితం చూడకముందే రాసిపెట్టుకోవచ్చు. అయినా వచ్చిన జవాబు ఆ రెండు గీతల మధ్య ఉన్న ఊళ్లదే. గీతకు పైన ఉన్నవి, అంటే పథకం తప్పకుండా అందాల్సినంత అవస్థలో ఉన్నవి, ఆ జవాబులో లేవు.

ఒక్కోచోట ఏ పద్ధతీ పనిచేయదు. అంత ఫ్లోరైడ్ ఉండి నీళ్లు అందని ఊరు ఒక్కటి కూడా లేకపోతే పోలిక ఎక్కణ్ణుంచి తెస్తాం? అందరికీ నీళ్లిచ్చేశారు కాబట్టి అది మంచి సంగతే. అప్పుడు చేయాల్సింది ఈ ఊళ్ల గురించి జోడు పద్ధతిలో చెప్పలేం అని నేరుగా రాయడం. రాసి, ఆ ఊళ్లకు వేరే దారిలో వెళ్లడం. పైపు రాకముందు పుట్టిన పిల్లల పళ్లు, వచ్చాక పుట్టిన పిల్లల పళ్లు చూడొచ్చు. పళ్ల మీద మచ్చ చిన్నప్పుడు, పన్ను చిగురు లోపల తయారయ్యేటప్పుడే పడుతుంది కాబట్టి పుట్టిన ఏడు మంచి ఆధారం. పైపులు విడతలుగా వేశారు కాబట్టి ముందు విడతనూ తర్వాతి విడతనూ పోల్చొచ్చు. పని ఎక్కువే, కానీ చేయదగ్గదే.

ఇంకొక రకం మాయం కూడా ఉంది, దీనితో కలిపేయకూడదు. నీటి పరీక్షే చేయలేదు, ఫ్లోరైడ్ గడి ఖాళీ. జోడు కట్టే దాకా రాకుండానే ఆ వరసను చెరిపేస్తారు. పోలిక లేక పోవడం వేరు, సమాచారం లేక పోవడం వేరు. రెండో రకం ఊరికి కావలసింది ఒక సీసాడు నీళ్లు ల్యాబుకు పంపడం. రోడ్డుకు దూరంగా ఉన్న చిన్న పల్లెలకే గడులు ఖాళీగా ఉంటాయని, జిల్లాలో ఫీల్డు పనికి తిరిగిన ఎవరినడిగినా చెబుతారు. రెండు రకాలనూ విడివిడిగా లెక్క చూపాలి.

ఇదంతా రాయడానికి నివేదికలో ఎంత చోటు కావాలి? ఒక చిన్న పట్టిక. జోడు కుదిరిన ఊళ్లు ఎన్ని, కుదరనివి ఎన్ని, రెండు గుంపుల్లో సగటు ఫ్లోరైడ్ ఎంత, జనాభా ఎంత, రోడ్డు దూరం ఎంత. హద్దును కొంచెం పెంచితే, కొంచెం తగ్గిస్తే జవాబు ఎటు కదిలిందో ఒక వరస. అంతే. ఉచితంగా దొరికే 'ఆర్' సాఫ్ట్‌వేర్‌లో జోళ్లు కట్టడానికి అందరూ వాడే 'మ్యాచిట్' ప్యాకేజీ అయితే సారాంశం అడిగితే చాలు, మొత్తం ఎన్ని, మ్యాచ్ అయినవి ఎన్ని, కానివి ఎన్ని, ముందే తీసేసినవి ఎన్ని అని తానే పట్టిక వేసి చూపిస్తుంది. వైద్య పరిశోధనల కోసం 2007లో వెలువడిన స్ట్రోబ్ మార్గదర్శకాలు కూడా ఏ దశలో ఎంతమంది మిగిలారో, ఎందుకు తగ్గారో చెప్పాలని అడుగుతున్నాయి. మిషను చూపించినదాన్ని మనిషి దాచిపెట్టడం నాకు మింగుడుపడదు.

ఆ అబ్బాయికి నేను చెప్పిందీ ఇదే. ఆ పదకొండు ఊళ్ల పేర్లతో ఒక అనుబంధం పెట్టమని, ముందుమాటలో 'పథకం అందిన గ్రామాలన్నీ' అన్నచోట 'పోలిక దొరికిన గ్రామాలు' అని మార్చమని. పైవాళ్లు ఒప్పుకుంటారో లేదో అన్నాడు. అడుగు నాయనా, అడగడానికి నీకు హక్కుంది అన్నాను.

మీ విలేకరులకు కూడా నాదొక విన్నపం. ఇట్లాంటి నివేదిక చేతికొచ్చినప్పుడు ముందు శాతాల పేజీ తీయకండి. చివర అనుబంధంలో ఊళ్ల సంఖ్యల పట్టిక ఉందేమో చూడండి. మొదట ఎన్ని ఊళ్లతో మొదలుపెట్టారు, జవాబు ఎన్ని ఊళ్ల మీద వచ్చింది, ఈ రెండు అంకెలూ పక్కపక్కన రాసుకోండి. తేడా ఉంటే సంస్థకు ఫోన్ చేసి ఆ ఊళ్ల జాబితా అడగండి. ఇస్తే వార్త చివర పేర్లు వేయండి. ఇవ్వకపోతే, అడిగితే ఇవ్వలేదని వేయండి. హనుమంతునిపాడులోనో వెలిగండ్లలోనో పామూరులోనో ఆ పేపరు చదివే మనిషి తన ఊరు ఈ లెక్కలో ఉందో లేదో తానే చూసుకుంటాడు.

ఇట్లు,
విశ్రాంత స్టాటిస్టిక్స్ లెక్చరర్,
ఒంగోలు, ప్రకాశం జిల్లా